వెలిగింది... ఆరింది

నాన్న టెస్ట్ లాంపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఒక ఇండికేటర్ బల్బు, దానికో హోల్డరు, హోల్డరులోంచి బయటికి వచ్చిన రెండు తీగలు. ఒకదాని కొసన మొసలి నోరు లాంటి క్లిప్పు. రెండోదాని కొసన సైకిల్ పుల్ల. ఆ పుల్లను గచ్చు మీద అరగదీసి సూదిమొన తెచ్చి, తీగను టంకం పెట్టి అతికించి, చేత్తో పట్టుకునే చోట పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగారు. ఆ రబ్బరు ఎండి బీటలు వారింది. మార్చడానికి మనసు రాదు. నాన్న బొటనవేలు ఆనిన చోట అది ఇప్పటికీ కాస్త గుంట పడి ఉంటుంది.

తరవాతి కాలంలో నా చేతికి మంచి మంచి మీటర్లు వచ్చాయి. పాత కారులో కాయిల్ దగ్గర, అంటే బ్యాటరీ కరెంటును ప్లగ్గుల నిప్పుగా మార్చే తీగచుట్ట దగ్గర, తీగలు వెతకాల్సి వస్తే మాత్రం నేను ముందు తీసేది ఈ లాంపునే. మీటరు అంకె చెబుతుంది, కరెంటు వచ్చిందా అంటే లాంపు అవునో కాదో చెబుతుంది. బానెట్ కింద తల దూర్చి ఒక చేత్తో తీగ కదుపుతున్న మనిషికి అప్పటికి కావలసింది ఆ అవునో కాదో మాత్రమే.

మాది రాజమండ్రి. ఇన్నీసుపేటలో అద్దె ఇల్లు. నాన్న 1978లో అప్పు చేసి అంబాసిడర్ కారు కొన్నారు. 1964 మోడల్, మార్క్ 2. అప్పటికే రెండు చేతులు మారి వచ్చింది. 1489 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగు కిందనే గేరు రాడ్డు, ముందు వైపు హ్యాండిల్ దూర్చడానికి రంధ్రం. దాన్ని టాక్సీగా తిప్పేవారు. పెళ్లిళ్లు, ఆసుపత్రి కేసులు, కొవ్వూరు అవతలి ఊళ్లకు బేరాలు. 1974లో గోదావరి మీద రైలుకూ రోడ్డుకూ కలిపి కట్టిన వంతెన వచ్చాక అటు బేరాలు పెరిగాయని స్టాండులో పెద్దవాళ్లు చెప్పుకునేవారు. మా బియ్యం, మా బడి ఫీజులు, నానమ్మ మందులు అన్నీ ఆ కారులోంచే రావాలి. పొద్దున అది కదలకపోతే ఇంట్లో ఎవరి గొంతూ పెగిలేది కాదు.

కారు మొరాయిస్తే నాన్న నోట వచ్చే మాట ఒక్కటే. “కరెంటు ఎక్కడిదాకా వచ్చింది?” స్టాండులో తోటి డ్రైవర్లు చుట్టూ చేరి ఒకరు కండెన్సర్ అంటే ఒకరు ప్లగ్గులు అనేవారు. ఇంకొకరు కల్తీ పెట్రోలు అని తేల్చేసేవారు. నాన్న ఎవరినీ కాదనకుండా లాంపు తీసి బ్యాటరీ దగ్గర మొదలుపెట్టేవారు. అక్కడ వెలిగిందా, సరే. తాళం తిప్పాక కాయిల్‌కు వచ్చే తెల్ల తీగ దగ్గర వెలిగిందా, సరే. కాయిల్ దాటాక? ఏటిగట్టు మీద నడుచుకుంటూ గండి ఎక్కడ పడిందో చూసుకుంటూ వెళ్లే మనిషిలా, ఒక్కొక్క అడుగే వేసేవారు.

నాకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి లాంపు పట్టుకోవడం నా పని అయింది. హ్యాండిల్ తిప్పడానికి ఒక మనిషి, లాంపు చూడడానికి ఒక మనిషి కావాలి. అమ్మ పొయ్యి దగ్గర ఉండేది, తమ్ముడు మరీ చిన్నవాడు. అందుకని నేను. క్లిప్పు ఇంజను ఒంటికి కరిపించి, పుల్ల మొనను కాయిల్ మీద నాన్న చూపించిన బోల్టుకు ఆనించి, కళ్లార్పకుండా బల్బు వైపు చూస్తూ నిలబడేదాన్ని. నాన్న కాయిల్ నడినెత్తిన ఉండే లావు తీగను పీకి ఇంజను ఒంటికి ఆనించి కట్టేవారు. అలా చేయకపోతే ఇంజను ఉన్నట్టుండి అందుకుని హ్యాండిల్‌ను వెనక్కి తన్నుతుంది, మణికట్టు విరుగుతుంది. తరవాత ముందుకు వెళ్లి వంగి నెమ్మదిగా హ్యాండిల్ తిప్పేవారు.

“వెలిగింది,” అనేదాన్ని.

ఇంకొంచెం తిప్పేవారు.

“ఆరింది.”

“మళ్లీ?”

“వెలిగింది... ఆరింది.”

హ్యాండిల్ అర చుట్టు తిరిగితే లాంపు ఒకసారి వెలిగి ఆరాలి. రెండు చుట్లకు నాలుగు సార్లు, నాలుగు సిలిండర్లకు నాలుగు నిప్పురవ్వలు. ఒకటి, మూడు, నాలుగు, రెండు. సిలిండర్లు అందుకునే ఆ వరసను నేను ఎక్కాల కంటే ముందు కంఠతా పట్టాను.

ఆ లాంపు ఎందుకు వెలిగి ఆరుతుందో నాన్న మా లాకుల లెక్కన చెప్పారు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువల మీద లాకులు చూసిన పిల్లలకు ఆ మాట ఇట్టే ఎక్కుతుంది. లాకు తలుపులు మూసి ఉన్నంతసేపు నీళ్లు నిండుతాయి. తలుపులు తీయగానే ఉరుకుతాయి. ప్లగ్గులకు వంతులవారీగా నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల రెండు చిన్న పాయింట్లు ముక్కుకు ముక్కు ఆనించుకుని ఉంటాయి. అవి మూసుకున్నంతసేపు కాయిల్‌లోని లావు తీగలో కరెంటు పారుతూ అయస్కాంతం కూడుతుంది. ఆ లావు తీగ కొన్ని వందల చుట్లు. దాని లోపలే వెంట్రుక లాంటి సన్న తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పాయింట్లు విడిపోగానే కూడిన అయస్కాంతం ఒక్క క్షణంలో కూలిపోతుంది. ఆ కూలిన ఊపు సన్న తీగలో వేల వోల్టులై, డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటరు చూపించిన దారిన, వంతు వచ్చిన ప్లగ్గు దగ్గర నిప్పురవ్వగా దూకుతుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ చేసే పని ఇది. నేను పెద్దయ్యాక భౌతికశాస్త్రం చదువుకుని, అదే పాఠం ఇంటర్ పిల్లలకు ఇరవై ఏళ్లకు పైగా చెప్పాను. నల్లబల్ల మీద బొమ్మ వేసిన ప్రతిసారీ లాకు తలుపులే కళ్లముందు కదిలేవి.

లాంపు చెప్పే భాష చిన్నది, కానీ తప్పు చెప్పదు. మా కాయిల్ నెత్తిన రెండు బోల్టులుండేవి. ఒకదాని పక్కన ఎస్ డబ్ల్యూ, రెండోదాని పక్కన సీ బీ అని అచ్చుపోసి ఉండేది. మొదటిది స్విచ్ వైపు, రెండోది పాయింట్ల వైపు. పాయింట్ల వైపు బోల్టుకు లాంపు పెట్టి హ్యాండిల్ తిప్పినప్పుడు వెలుగుతూ ఆరుతూ ఉంటే ఆ దారి బాగుంది. ఆరకుండా వెలుగుతూనే ఉంటే కరెంటు పాయింట్ల దాకా వెళ్లి ఒంటికి కలవడం లేదు. పాయింట్లు మసిబారి ఉండాలి, మూసుకోకుండా ఉండాలి, లేదా మధ్యలో తీగ తెగి ఉండాలి. అసలు వెలగనే వెలగకపోతే కాయిల్ లోపల తీగ తెగి ఉండాలి, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపల ఏదో ఒంటికి తగులుతూ ఉండాలి. ఆ రెంటిలో ఏదో తెలియాలంటే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే తీగను కాయిల్ దగ్గర ఊడదీస్తే చాలు. అప్పుడు లాంపు వెలిగితే కాయిల్ తప్పేమీ లేదు.

పాయింట్లు కొత్తవి వేసిన వెంటనే కారు చచ్చిపోయిందంటే నాన్న ఇంకెక్కడా చూసేవారు కాదు. పాయింట్ల స్ప్రింగును బిగించే నట్టు కింద చిన్న ప్లాస్టిక్ బుష్ ఉంటుంది. కాయిల్ నుంచి వచ్చే తీగ చెవి, కండెన్సర్ తీగ చెవి రెండూ స్ప్రింగుకు తగలాలి, బోల్టుకు మాత్రం తగలకూడదు. ఆ బుష్ వరస తప్పి కూర్చుంటే అంతా ఒంటికి కలిసిపోతుంది. ఎన్ని ఊళ్లలో ఎన్ని కార్లు ఆ ఒక్క బుష్ వల్ల తాడు కట్టించుకుని లారీల వెనక వెళ్లాయో లెక్కే లేదు.

ఇలా లాంపు మీద మా ఇద్దరికీ గట్టి నమ్మకం ఉండేది. ఆ లాంపుకు కనిపించని తప్పు కూడా ఉంటుందని మాకు 1983 కార్తీకం దాకా తెలియదు.

దానికి ఏడాదిన్నర ముందు నాన్న కారులో క్యాసెట్ ప్లేయరు పెట్టించారు. పెళ్లివాళ్లు పాటలున్న కారు అడుగుతున్నారు, లేకపోతే బేరం పక్క కారుకు పోతోంది. కానీ ఒక చిక్కు. ఆ ప్లేయరు నెగటివ్ ఎర్త్ బండికి చేసినది. మా కారు పాజిటివ్ ఎర్త్. అంటే బ్యాటరీలో ప్లస్ కొసను బండి ఒంటికి బిగించి ఉంటుంది. 1960 దశకం దాకా బ్రిటిష్ కార్లలో అది మామూలే, మన అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారులోంచే కదా. ఊళ్లో ఒక షెడ్డులో వైరింగు చేసేవాళ్లు ఒక్క మధ్యాహ్నంలో దాన్ని మార్చి ఇచ్చారు. బ్యాటరీని తిప్పి పెట్టారు. బ్యాటరీ నుంచి ఒక తీగ తెచ్చి డైనమో ఎఫ్ టెర్మినల్‌కు ఒక్క క్షణం చురుక్కుమని తాకించారు, కొత్త వరస దానికి అలవాటు కావడానికి. సెల్ఫ్ మోటారును ముట్టుకోనక్కర్లేదు, బ్యాటరీ ఎటు తిప్పినా అది ఒకవైపే తిరుగుతుంది. సాయంత్రానికి పాటలు మోగాయి. వీధిలో పిల్లలమంతా కారులోకి ఎక్కి కూర్చున్నాం.

ఆ రోజు నుంచి కారుకు ఏదో నీరసం పట్టుకుంది. ఆగిపోయేది కాదు, అదే కష్టం. ఆగితే పట్టుకోవచ్చు. తేమగా ఉన్న తెల్లవారుజామున స్టార్టు కావడానికి సతాయించేది. నిండుగా మనుషులుంటే వంతెన ఎక్కేటప్పుడు టాప్ గేరులో మిస్ కొట్టేది. కార్బరేటర్ విప్పారు, కడిగారు. కండెన్సర్ మార్చారు. ఏడాదిలో రెండు సార్లు ప్లగ్గులు మార్చారు. ప్లగ్గు గ్యాపు 25 థౌ ఉండాలి, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై ఐదు. దాన్ని ఇరవైకి దగ్గర చేస్తే కాస్త నయంగా ఉంటోందని నాన్న తనకు తానే కనిపెట్టారు. ఎందుకు నయమో ఆయనకూ తెలియదు. పెట్రోలు ఎక్కువ తాగుతోందని రాత్రిళ్లు లెక్కల పుస్తకం ముందు కూర్చుని అమ్మతో నెమ్మదిగా చెప్పడం నాకు వినిపించేది.

నానమ్మకు అన్నవరం మొక్కు ఉంది. కారు ఉన్నా మేము ఎప్పుడూ దానిలో ఊరు వెళ్లలేదు. అది ఎప్పుడూ బేరంలోనే ఉండేది. ఆ కార్తీకంలో నాన్న ఒక రోజు బేరం మానేశారు. నానమ్మ, బాబాయి, పిన్ని, పిల్లలు, అందరం కలిసి తొమ్మిది మందిమి. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. రాత్రంతా జల్లు పడి రోడ్డు నల్లగా మెరుస్తోంది. నేను ముందు సీటులో అమ్మకూ నాన్నకూ మధ్య కూర్చుని, ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని, దీపాల వెలుగులో మైలురాళ్ల మీద ఊళ్ల పేర్లు చదివి పెన్సిలుతో రాసుకుంటున్నాను. రాజానగరం. గండేపల్లి. జగ్గంపేట. అక్కడ టీ తాగారు. ప్రత్తిపాడు దాటాక కారు మిస్ కొట్టడం మొదలుపెట్టింది. కత్తిపూడి కూడలి దగ్గరకు వచ్చేసరికి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ఎదురుగా ఇంకా కొద్ది దూరంలో కొండ. నానమ్మ చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

నాన్న లాంపు తీశారు. నేను దిగాను. చలికి చేతులు వణుకుతున్నాయి. బ్యాటరీ దగ్గర వెలిగింది. స్విచ్ తీగ దగ్గర వెలిగింది. హ్యాండిల్ తిప్పితే వెలిగింది, ఆరింది, వెలిగింది, ఆరింది. ఎక్కడా తప్పు లేదు. నాన్న బానెట్ మీద రెండు చేతులూ ఆనించి ఊరకే నిలబడ్డారు. ఆయనను అలా చూడడం నాకు అదే మొదటిసారి.

కూడలిలో లారీలకు పని చేసే షెడ్డు ఒకటి ఉంది. దాని అరుగు మీద దుప్పటి కప్పుకుని పడుకున్న ఒక పెద్దాయన లేచి వచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. పెట్రోలు బస్సులు నడిచిన రోజుల నుంచి ఈ పనిలో ఉన్నానని తరవాత చెప్పారు. మాటలేమీ లేకుండా ముందు ఒక ప్లగ్గు విప్పించి, తువ్వాలుతో తుడిచి, లాంతరు దగ్గరకు తీసుకెళ్లి చాలాసేపు చూశారు. “బాబూ, ఈ కొక్కెం చూడండి,” అన్నారు. ప్లగ్గు చివర వంగి ఉండే కొక్కెం లోపలి వైపు, గరిటెతో తోడినట్టు గుంట పడి ఉంది. “అరగవలసింది నడిమి పుల్ల. ఇది కొక్కెం తినేస్తోంది. బండికి ఎర్త్ మార్చారా?”

నాన్న మొహంలోకి నేను చూశాను. “పాటల పెట్టె కోసం మార్పించానండీ. ఏడాదిన్నర అయింది,” అన్నారు నాన్న.

పెద్దాయన నా వైపు తిరిగారు. “అమ్మాయీ, ఆ చేతిలోది పెన్సిలేనా? ఒకసారి ఇస్తావా?”

బ్లేడు తెప్పించి పెన్సిల్ మొనను పొడుగ్గా, సన్నగా చెక్కారు. పొడిగా ఉందో లేదో చెక్కను చెంపకు ఆనించి చూసుకున్నారు. ప్లగ్గులు తుడిచి బిగించాక ఇంజను ఎలాగో అందుకుంది. మొదటి సిలిండరు ప్లగ్గు మీది తొడుగు తీసి, ఆ తీగ కొసను పొడి గుడ్డ నాలుగు మడతలు వేసి పట్టుకుని, ప్లగ్గు నెత్తికి కొంచెం ఎడంగా ఉంచారు. తీగకూ ప్లగ్గుకూ మధ్య నిప్పురవ్వ టిక్ టిక్‌మని దూకుతోంది. నానమ్మ శాలువా అడిగి తెచ్చి మా ముగ్గురి తలల మీద కప్పుకున్నాం, చీకటి కోసం. ఆ చీకట్లో పెన్సిల్ మొనను నిప్పురవ్వ దారిలో పెట్టారు.

నీలంగా దూకుతున్న రవ్వకు పెన్సిల్ మొన దగ్గర ఒక పక్క నారింజ రంగు విచ్చుకుంది. కాకరపువ్వొత్తి చివర చిన్న పువ్వులా. అది తీగ వైపు విచ్చుకుంది.

“చూశారా బాబూ. ఆ పువ్వు ప్లగ్గు వైపు పూయాలి. ఇటు పూస్తోందంటే నిప్పు ఎదురు నడుస్తోంది,” అన్నారాయన.

ఇంజను ఆపించి, కాయిల్ మీది రెండు చిన్న తీగలు ఊడదీసి, ఇటుది అటు, అటుది ఇటు బిగించారు. అంతే. రెండు నట్లు. మళ్లీ ఇంజను, మళ్లీ శాలువా, మళ్లీ పెన్సిల్. ఈసారి పువ్వు ప్లగ్గు వైపు పూసింది.

దీని వెనక ఉన్న సంగతి నాకు కాలేజీలో అర్థమైంది. ప్లగ్గు నడిమి పుల్ల చుట్టూ పింగాణీ ఉంటుంది కాబట్టి దాని వేడి త్వరగా పోదు. కొక్కెం కంటే అది బాగా కాలుతుంది. వేడి లోహంలోంచి ఎలక్ట్రాన్లు తేలికగా బయటపడతాయి. అందుకని నడిమి పుల్ల నెగటివ్‌గా ఉంటే నిప్పురవ్వ తక్కువ వోల్టులతోనే దూకుతుంది. కాయిల్ తీగలు తారుమారైతే చల్లటి కొక్కెం నుంచి దూకాలి, ఇంకా ఎక్కువ వోల్టులు కావాలి. ఖాళీ బండికి అవి సరిపోతాయి. బరువు మీద, ఎత్తు మీద, తేమలో, అరిగిన ప్లగ్గులతో సరిపోవు. నాన్న గ్యాపు తగ్గిస్తే నయమైంది అందుకే, దూకవలసిన దూరం తగ్గింది. లాంపుకు ఇది ఎప్పటికీ కనిపించదు. కరెంటు ఎటు నుంచి ఎటు పారినా బల్బు వెలుగు ఒకటే.

వైరింగు చేసినవాళ్లనూ నేను తప్పుపట్టలేను. కాయిల్ మీద రాసి ఉన్న అక్షరాలు చూశారు, స్విచ్ తీగ స్విచ్ అక్షరాల దగ్గరే ఉంది. సరిగ్గా ఉన్నదాన్ని ఎవరు కదుపుతారు? కానీ ఆ అక్షరాలు పాజిటివ్ ఎర్త్ రోజులకు రాసినవి. ఎర్త్ తిరిగినప్పుడు వాటి అర్థమూ తిరిగిపోయింది. ఈ కారణంతోనే కొత్త కాయిళ్ల మీద ప్లస్, మైనస్ అని గుర్తులు వేస్తారు. నెగటివ్ ఎర్త్ బండిలో స్విచ్ తీగ ప్లస్‌కు, పాయింట్ల తీగ మైనస్‌కు వెళ్లాలి. పాత కారుకు ఎర్త్ మార్పించుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఒకసారి బానెట్ ఎత్తి చూసుకోండి. పెన్సిల్ పరీక్ష మాత్రం పాయింట్లున్న పాత బండ్ల దగ్గరే, అదీ చెయ్యి తిరిగినవాళ్లే చేయాలి. ఇప్పటి ఎలక్ట్రానిక్ కాయిళ్ల దగ్గర ప్లగ్గు తీగ అలా ఎడంగా పట్టుకుంటే మనిషికీ ప్రమాదం, బండికీ ప్రమాదం.

నాన్న పది రూపాయలు ఇవ్వబోతే పెద్దాయన తీసుకోలేదు. “తిరిగి వచ్చేటప్పుడు ప్రసాదం ఇవ్వండి,” అన్నారు. రత్నగిరి ఘాట్ రోడ్డు తొమ్మిది మందితో రెండో గేరులో ఎక్కాం. ఒక్క మిస్ లేదు. మలుపు మలుపుకూ అమ్మ నాన్న మొహంలోకి చూస్తోంది. నాన్న ఏమీ అనలేదు, పైకి చేరాక స్టీరింగు మీద చెయ్యి అలాగే ఉంచి కాసేపు కూర్చున్నారు. వ్రతం అయ్యాక తిరుగు దారిలో విస్తరాకు పొట్లంలో వేడి వేడి గోధుమనూక ప్రసాదం తీసుకెళ్లి పెద్దాయన చేతుల్లో పెట్టింది నేనే. నా పెన్సిల్ ఆయన చెవి వెనకే ఉంది. అడగలేదు.

ఇంటికి వచ్చిన రాత్రే నాన్న అమ్మ తిలకం సీసా అడిగారు. స్విచ్ తీగ వెళ్లవలసిన బోల్టు పక్కన ఎర్రగా ఒక చుక్క పెట్టారు. మర్నాడు ఆ వైరింగు షెడ్డుకు వెళ్లి, తగాదా ఏమీ లేకుండా, పెన్సిలు పెట్టి వాళ్లకూ చూపించి వచ్చారు. వాళ్లు అంతకుముందు మార్చిన బండ్లను పిలిపించి చూసుకున్నారని విన్నాం.

నాన్న 1999లో టాక్సీ మానేశారు. కారును అమ్మలేదు. కడియం దగ్గర మా ఊళ్లో నానమ్మ ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసి పెట్టుకున్నారు. అప్పుడప్పుడు తీసి తుడిచి, ఇంజను తిప్పి, మళ్లీ టార్పాలిన్ కప్పేవారు. 2011లో ఆయన పోయాక దాన్ని ఎవరూ కదపలేదు. 2014లో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయిందన్న వార్త పేపరులో చూసి అమ్మ నాకు ఫోను చేసి చెప్పింది, చుట్టాలింట్లో కబురు చెప్పినట్టు.

2018 వేసవి సెలవుల్లో నేను ఊరు వెళ్లాను. ట్యాంకు కడిగించాను, బ్యాటరీ కొత్తది తెచ్చాను. సిలిండర్లలో రెండు చుక్కల నూనె వేసి ఒక రాత్రి ఉంచి, మర్నాడు హ్యాండిల్ తిప్పితే ఇంజను కదిలింది. కానీ నిప్పు లేదు. చూడడానికి వచ్చిన మెకానిక్ కాయిల్ మార్చేద్దాం, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ వేసేద్దాం అన్నాడు. అతను మంచివాడే. నాకే ముందు కరెంటు ఎక్కడిదాకా వచ్చిందో చూడాలనిపించింది.

లాంపు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. డెబ్బై నాలుగేళ్లు. నన్ను చిన్నప్పుడు బానెట్ కింది నుంచి ఇవతలికి లాగి హోంవర్కు చేసుకోమన్న మనిషి. స్టూలు వేసి కూర్చోబెట్టి, క్లిప్పు ఎక్కడ కరిపించాలో, పుల్ల ఎక్కడ ఆనించాలో చూపించాను. కాయిల్ దుమ్ము తుడిస్తే తిలకం చుక్క గోధుమరంగుకు తిరిగి ఇంకా ఉంది. దాని పక్క బోల్టుకు ఆనించమన్నాను. ముందుకు వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాను.

“వెలిగింది,” అంది అమ్మ.

అర చుట్టు తిప్పాను. “ఇప్పుడు?”

“వెలుగుతూనే ఉంది.”

ఇంకో అర చుట్టు. వెలుగుతూనే ఉంది. అంటే కరెంటు కాయిల్ దాటి వస్తోంది, కానీ పాయింట్ల ద్వారా ఒంటికి కలవడం లేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు సన్న కాగితంతో రుద్దాను. ఆరలేదు. అప్పుడు పాయింట్లు విడిపోయి ఉండేలా ఇంజనును ఆపి, పుల్ల మొనను డిస్ట్రిబ్యూటర్ బయటి టెర్మినల్‌కు పెట్టించాను. వెలిగింది. లోపల పాయింట్ల స్ప్రింగుకు పెట్టించాను.

“వెలగడం లేదే,” అంది అమ్మ, తన వల్ల ఏదో తప్పు జరిగినట్టు.

ఆ రెండు చోట్ల మధ్య ఉన్నది రెండంగుళాల తీగ. పైన గుడ్డ తొడుగు, లోపల సన్నటి రాగి పోగులు. తొడుగు చెక్కుచెదరలేదు, చూస్తే ఏ లోపమూ కనిపించదు. వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగితే మధ్యలో జీళ్లపాకంలా సాగింది. లోపల పోగులన్నీ తెగిపోయాయి. యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా పాయింట్ల పలక అటూ ఇటూ కొద్దిగా తిరుగుతుంది, ఆ తీగ దానితోపాటు వేలసార్లు వంగుతుంది. అందుకే అక్కడ గట్టి తీగ పనికిరాదు. సన్న పోగులు ఎక్కువున్న మెత్తటి తీగ ముక్క కోసి, రెండు కొసలకూ చెవులు టంకం పెట్టి, ప్లాస్టిక్ బుష్ వరస రెండు సార్లు సరిచూసుకుని బిగించాను. పలకను వేలితో తిప్పి తీగ లాగుతోందేమో చూశాను. లాగడం లేదు.

అమ్మ అప్పటిదాకా లాంపు కింద పెట్టలేదు. గుంట పడిన చోటే బొటనవేలు ఆనించి పట్టుకుంది. మళ్లీ హ్యాండిల్ దగ్గరకు వెళ్లి వంగాను. సాయంత్రం అయింది, షెడ్డులో చీకటి పడుతోంది. బానెట్ అడ్డం కాబట్టి అమ్మ మొహం నాకు కనిపించదు, మాట మాత్రం వినిపిస్తుంది.

“వెలిగింది,” అంది.

తిప్పాను.

“ఆరింది.”